స్టార్‌డ్యూ వ్యాలీలో మొదటి 500 గోల్డ్ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్ కొత్తగా మొదలుపెట్టాను. ఒక్కోదానికి లాభం ఎక్కువని 480 గోల్డ్‌తో 6 కాలీఫ్లవర్ విత్తనాలు కొని మొదటి రోజే వేశాను. ఇప్పుడు మూడో రోజు, చేతిలో 20 గోల్డ్ ఉంది. మేయర్ ఇచ్చిన 15 పార్స్‌నిప్ (ముల్లంగి లాంటి కూరగాయ) విత్తనాలు కూడా వేశాను. ముందు పెద్ద బ్యాగ్ కొనాలా, కోళ్ల షెడ్డు కట్టాలా, స్ట్రాబెర్రీలకు దాచుకోవాలా?

జవాబు: మీ లెక్క తప్పు కాదండీ, 80 పెడితే 175 వస్తుంది. కానీ అందుకు 12 రోజులు పడుతుంది. పార్స్‌నిప్‌లో 20 పెడితే 35 వస్తుంది, చూడ్డానికి చిన్న లాభమే, అయితే 4 రోజుల్లో డబ్బు చేతికొచ్చి మళ్లీ నేలలోకి పోతుంది. పెట్టుబడి తక్కువున్నప్పుడు చూడాల్సింది ఒక్క పంట మీద ఎంత మిగిలిందని కాదు, డబ్బు ఎంత త్వరగా రొటేట్ అవుతోందని. పొలంలో గడులు బోలెడున్నాయి, మీ దగ్గర లేనిది డబ్బే, కాబట్టి గడికి ఎంత అని లెక్కేసే రోజులు ఇంకా రాలేదు.

అసలు నష్టం ఎక్కడ జరుగుతుందో చెప్తాను. మీ కాలీఫ్లవర్లు సరిగ్గా స్ప్రింగ్ సీజన్ 13వ రోజున కోతకొస్తాయి. ఆ రోజే ఎగ్ ఫెస్టివల్, స్ట్రాబెర్రీ విత్తనాలు అమ్మేది అక్కడే. పండగ రోజు విత్తనాలమ్మే పియర్ కొట్టు మూసి ఉంటుంది, మీరు పంటను షిప్పింగ్ డబ్బాలో వేస్తే డబ్బు వచ్చేది 14 ఉదయం, అప్పటికి స్టాల్ ఉండదు. 1050 గోల్డ్ ఒక్క రోజు తేడాతో పనికిరాకుండా పోతుంది. నాకూ ఇదే అయింది, చేతినిండా పంట పెట్టుకుని ఆ స్టాల్ ముందు నిలబడితే ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు.

అందుకని ఇప్పుడు చేయాల్సింది, 5వ తేదీన పార్స్‌నిప్‌లు కోసి డబ్బాలో వేయకుండా నేరుగా పియర్‌కి అమ్మండి, 525 గోల్డ్ అక్కడికక్కడే వస్తుంది. దాంతో మళ్లీ పార్స్‌నిప్ వేయకండి, 50 చొప్పున 10 బంగాళదుంప విత్తనాలు తీసుకోండి. అవి 6 రోజుల పంట, అంటే 11న చేతికొస్తుంది, పండగకి రెండు రోజుల ముందు. దుంప 80కి పోతుంది, మొక్కకి ఒకటి కాకుండా ఎక్కువ వచ్చే అవకాశం నాలుగో వంతు ఉంది, 800కి తగ్గదు. నీళ్లు పోయడానికి గడికి 2 ఎనర్జీ పోతుంది కదా, మొత్తం ఉన్నదే 270, పది మొక్కలైతే మిగతాది చేపలకు వాడుకోవచ్చు.

చేపలు మీకు చాలా ముఖ్యం, పైసా పెట్టుబడి అక్కర్లేదు. జాలరి విల్లీ రెండో రోజు ఉచితంగా ఇచ్చే గాలం చాలు, ఒక్కోసారి వేయడానికి 8 ఎనర్జీ తీసుకుంటుంది. కొండ దగ్గరి చెరువులో లార్జ్‌మౌత్ బాస్ పడితే 100 గోల్డ్, అంటే సరిగ్గా ఒక స్ట్రాబెర్రీ విత్తనం ఖరీదు. మొదట్లో చాలా చేపలు తప్పించుకుంటాయి, టెన్షన్ పడకండి, లెవెల్ పెరిగే కొద్దీ పట్టు దొరుకుతుంది.

స్ట్రాబెర్రీ విత్తనం 100, పండు 120. 13 రాత్రే నాటేస్తే 21న ఒకసారి, 25న ఇంకోసారి కోత, అంటే మొక్కకి 240. పండగ నుంచి ఇంటికి చేరేది రాత్రి 10కి, అప్పుడు తవ్వుతూ కూర్చోకుండా పొద్దున్నే గడులు తవ్వి నీళ్లు పోసి వెళ్లండి. తడి రాత్రికీ ఉంటుంది, వచ్చి విత్తనం పెట్టేసి పడుకోవడమే. మర్నాటికి వాయిదా వేస్తే రెండో కోత 26కి పోతుంది, అదీ పర్లేదు, కానీ 16 దాటితే సీజన్ మారేలోపు ఆ రెండో కోత ఇక రాదు.

బ్యాగ్‌కి 2000 అవుతుంది. అదే 2000 స్ట్రాబెర్రీలో పెడితే 4800 అవుతుంది, కాబట్టి బ్యాగ్ 21 తర్వాతే. అంతవరకు పెట్టె ఒకటి చేసుకుని సామాను అందులో పెట్టండి.

కోళ్ల షెడ్డు మాత్రం వద్దే వద్దు. షెడ్డు 4000, కోడి 800, గుడ్డు 50. ఒక్క కోడితో ఆ 4800 వెనక్కి రావాలంటే 96 గుడ్లు కావాలి, సీజన్‌కి ఉన్నది 28 రోజులు. గడ్డి కొనాల్సి వస్తే అది కూడా 50, గుడ్డు డబ్బంతా అక్కడికే పోతుంది.

స్ట్రాబెర్రీ డబ్బులో పెద్ద భాగం సమ్మర్ 1 వరకు ముట్టుకోకండి. బ్లూబెర్రీ విత్తనం 80, మొదటి రోజే వేస్తే 14, 18, 22, 26 తేదీల్లో నాలుగు కోతలు, కోతకి మూడు పండ్లు, పండు 50, మొక్కకి 600. ఇంతకు మించిన చోటు మీకు అప్పట్లో దొరకదు.

కాలీఫ్లవర్ కోసినప్పుడు ఆరూ అమ్మేయకండి. కమ్యూనిటీ సెంటర్‌లో స్ప్రింగ్ పంటల బండిల్‌కి (అక్కడ ఇవ్వాల్సిన వస్తువుల సెట్) ఒకటి కావాలి, పార్స్‌నిప్, బంగాళదుంప, గ్రీన్ బీన్ కూడా ఒక్కోటి అడుగుతుంది, కాబట్టి 5న పార్స్‌నిప్‌లు అమ్మేటప్పుడే ఒకటి పక్కన పెట్టండి, 490 వచ్చినా చేతిలో ఉన్న 20తో కలిపి 10 బంగాళదుంప విత్తనాలూ వస్తాయి.