పక్క ఊరి పంచాయతీ లెక్కలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, మా ఊరివి ఎందుకు సగమే ఉన్నాయి?

చట్టం రెండు ఊళ్లకూ ఒకటే. ఎక్కించకపోతే నిధులు ఆగిపోతాయన్న భయం ఉన్న లెక్కలే అందరూ ఎక్కిస్తారు, మిగతావి ఊళ్లో అడిగేవాళ్లను బట్టి ఉంటాయి.

సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం అడగకుండానే వివరాలు బయటపెట్టాలి. కానీ పెట్టకపోతే వెంటనే పడే జరిమానా ఏదీ లేదు. 15వ ఆర్థిక సంఘం మాత్రం లెక్కలు ఆన్‌లైన్‌లో ఉండాలని గ్రాంట్లకే షరతు పెట్టింది. అందుకే పంచాయతీల లెక్కలు పెట్టే ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో ఆ గ్రాంట్ల ఖాతా కాస్త నిండుగా కనిపిస్తుంది. ఇక రెండు వర్గాలు సమానంగా ఉన్న ఊళ్లో ఓడిన వర్గం వార్డు సభ్యులు ప్రతి బిల్లూ తిరగేస్తారు. ఏకగ్రీవమైన చోట ఆ పని చేసేవాళ్లు తరచుగా ఉండరు. (ఊరి గొడవలకు ఇదొక్కటే లాభం కాబోలు!)

సీసీ రోడ్డునే తీసుకోండి. వోచర్‌లో తేదీ, మొత్తం, ఏ పద్దో కనిపిస్తాయి. రోడ్డు ఎన్ని మీటర్లు, ఎంత మందం అన్నది ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) ఉంటుంది, దాని నకలు విడిగా అడగాలి. తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయి సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము లేదు, గడువు 30 రోజులు. "రోడ్డు వివరాలు" అని రాస్తే ఒక్క ముక్కలో జవాబిచ్చి సరిపెడతారు. వోచర్ నంబరు, తేదీ వేసి "ఎం-బుక్ నకలు" అని అడగండి.

ఆన్‌లైన్ లెక్కలు ఖాళీగా ఉంటే డబ్బు తినేశారనీ, నిండుగా ఉంటే అంతా సవ్యమనీ చాలామంది అనుకుంటారు. తెరమీద కనిపించేది చెల్లింపే, పని నాణ్యత కాదు.