వేడెక్కుతుంది, ఆరడం లేదు: డ్రయ్యర్ గురించి రెండు ప్రశ్నలు

ప్రశ్న: మేము డాలస్ శివారులో ఒక టౌన్‌హౌస్‌లో ఉంటున్నాము. మాది 8 ఏళ్ల నాటి కరెంటు డ్రయ్యర్. మొదట్లో 45 నిమిషాల్లో ఆరిపోయే బట్టలు ఇప్పుడు రెండుసార్లు తిప్పినా చెమ్మగానే ఉంటున్నాయి. తువ్వాళ్లు, జీన్స్ నడుము పట్టీలు అయితే మరీనూ. తీసేటప్పుడు బట్టలు వేడిగానే ఉంటాయి, మెషిన్ పైభాగం చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. బట్టల నూగును పట్టే లింట్ జాలీని ప్రతిసారీ దులుపుతూనే ఉన్నాను. చూసి వెళ్లిన మెకానిక్ హీటింగ్ కాయిల్ పోయి ఉంటుందని, మార్చే ఖర్చుకు కొత్తది కొనుక్కోవడమే మేలని అన్నారు. నిజంగా కొనవలసిందేనా?

జవాబు: ఇప్పుడే కొనకండమ్మా. కాయిల్ తెగిపోతే బట్టలు తడిగానే కాదు, చల్లగా కూడా ఉంటాయి. మీ బట్టలు వేడిగా, తడిగా వస్తున్నాయి కాబట్టి మెషిన్ వేడిని పుట్టిస్తూనే ఉంది, లోపలి తేమకే బయటికి వెళ్లే దారి దొరకడం లేదు. ఎండ బాగా కాసినా గాలి ఆడని సందులో ఆరేసిన దుప్పటి సాయంత్రానికి కూడా మెత్తగానే ఉంటుందని, మబ్బు పట్టిన రోజైనా గాలి వీచే డాబా మీద దండేనికి వేసినది ఆరిపోతుందని మీకు తెలిసిందే. డ్రయ్యర్‌లోనూ అంతే. గదిలోని గాలిని లోపలికి లాక్కుని, వేడిచేసి, బట్టల మధ్య నుంచి పంపి, తేమతో బరువెక్కిన ఆ గాలిని 4 అంగుళాల గొట్టం గుండా ఇంటి బయటికి నెట్టడమే దాని పని. ఆ గొట్టం పూడుకుపోతే ఎంత వేడి పెట్టినా తేమ డ్రమ్ములోనే తిరుగుతూ ఉంటుంది.

ముందుగా, డ్రయ్యర్ నడుస్తుండగా బయటికి వెళ్లి, గోడకు ఉన్న మూత రెక్కను చూడండి. అది పూర్తిగా లేచి, అరచేతికి గాలి బలంగా తగలాలి. రెక్క కాస్త కదిలి ఊరుకుంటే అడ్డు గొట్టంలోనే ఉంది. తర్వాత ప్లగ్ తీసి మెషిన్‌ను ముందుకు జరిపి, వెనుక గొట్టాన్ని చూడండి. వెండి కాగితంలా ఉండే పల్చటి గొట్టమైతే, మెషిన్‌ను గోడకు నెట్టినప్పుడల్లా అది నలిగి, ఆ మడతల్లో నూగు పేరుకుంటుంది. దాన్ని తీసేసి గట్టి లోహపు గొట్టం వేయించండి. అతుకుల దగ్గర లోపలికి పొడుచుకు వచ్చే స్క్రూలు బిగించనివ్వకండి, నూగు మొదట పట్టుకునేది వాటినే. టౌన్‌హౌస్‌లలో ఈ గొట్టం గోడల్లోంచి కప్పు దాకా పోవడం మామూలే. అమెరికా నివాస నిర్మాణ నియమావళి దాని పొడవును సాధారణంగా 35 అడుగులకు పరిమితం చేసి, 90 డిగ్రీల మలుపు ఒక్కొక్కదానికి సాధారణంగా అందులోంచి 5 అడుగులు తగ్గిస్తుంది. అంత పొడవైన దారిని మీరే శుభ్రం చేయబోకుండా, ఆ పని చేసేవారిని పిలిపించండి. బయటి కొసకు పక్షులు రాకుండా ఎవరైనా జాలీ బిగించి ఉంటే అదీ తీయించండి, ఆ జాలీకే నూగు పట్టి దారి మూసుకుపోతుంది.

మీరు దులిపే లింట్ జాలీని కూడా ఒకసారి పరీక్షించండి. కుళాయి కింద పట్టుకుని నీళ్లు పోస్తే ఇట్టే దిగిపోవాలి. అలా కాకుండా చుక్కలు ముత్యాల్లా జాలీ పైనే నిలిచిపోతే, బట్టలు మెత్తగా రావడానికి డ్రయ్యర్‌లో వేసే డ్రయ్యర్ షీట్ల మైనం కంటికి కనిపించని పొరలా కప్పేసిందన్నమాట. గోరువెచ్చని నీళ్లలో అంట్ల సబ్బు వేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా ఆరాక అమర్చండి. డ్రమ్ములో తలుపు దగ్గరో, జాలీ దగ్గరో కనిపించే రెండు సన్నని లోహపు పట్టీలు తేమను కనిపెట్టేవి. వాటి మీద అదే పొర పడితే, ఆటోమేటిక్ సెట్టింగులో బట్టలు ఆరాయనుకుని మెషిన్ ముందే ఆగిపోతుంది. రబ్బింగ్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

పైభాగం కాలుతోందన్న మాట నన్ను కలవరపెట్టింది. గొట్టం శుభ్రమయ్యేదాకా దయచేసి ఆ డ్రయ్యర్ నడపకండి. అమెరికా అగ్నిమాపక పాలనా విభాగం 2008–2010 కాలానికి ఇళ్లలో డ్రయ్యర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయని అంచనా వేసి, శుభ్రం చేయకపోవడాన్నే ప్రధాన కారణంగా చూపింది.

ఇతర పాఠకుల కోసం ఒక మాట. డ్రమ్ము తిరుగుతూ వేడి అసలే రాకపోతే, మెకానిక్‌ను పిలిచే ముందు బ్రేకర్ చూడండి. కరెంటు డ్రయ్యర్‌కు రెండు లైన్లు కలిసి 240 వోల్టులు ఇస్తాయి, వాటిలో ఒకటి పోయినా మోటారు 120 వోల్టులతో తిరుగుతూనే ఉండవచ్చు. గ్యాస్ డ్రయ్యర్ ఉన్నవారు మాత్రం వెనుక గొట్టం ఊడదీసి పరీక్ష కోసమైనా నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది.

ప్రశ్న: మాది విశాఖపట్నం. అపార్ట్‌మెంట్ బాల్కనీలో బట్టలు ఆరేయవద్దన్నారని, ఉతికి ఆరబెట్టే 8 కిలోల మెషిన్ ఒకటి కొన్నాము. నిండా ఉతికి అలాగే డ్రై నొక్కితే మూడు గంటలకు కూడా తడి పోవడం లేదు. వేసవి మధ్యాహ్నాల్లో మరీ ఆలస్యమవుతోంది.

జవాబు: 8 కిలోలన్నది ఉతికే లెక్క. ఆరబెట్టే సామర్థ్యం అంతకంటే తక్కువగా, తరచుగా 5 కిలోల దగ్గర ఉంటుంది, మీ మెషిన్ పుస్తకంలో ఆ అంకె విడిగా రాసి ఉంటుంది. ఉతికాక మూడోవంతుకు పైగా బట్టలు తీసేసి, స్పిన్‌ను ఆ బట్టలకు తగినంత ఎక్కువలో పెట్టి, తర్వాత డ్రై నొక్కండి. వీటికి బయటికి పోయే గొట్టం ఉండదు. చాలా మోడళ్లు చల్లటి నీటితో లోపలి ఆవిరిని నీరుగా మార్చి, డ్రెయిన్‌లోకి వదిలేస్తాయి. మీదీ అలాంటిదే అయితే ఉతకడం అయిపోయిందని కుళాయి కట్టేయకూడదు. మధ్యాహ్నం ఎండకు ఓవర్‌హెడ్ ట్యాంకు నీరు వేడెక్కి ఉంటుంది కాబట్టి ఆవిరి సరిగా చల్లబడదు, ఆలస్యం అందుకే అయి ఉండవచ్చు. తెల్లవారుజామున, ట్యాంకు నీరు చల్లగా ఉండగానే ఆరబెట్టి చూడండి.