టెక్ సందేహాలు: నోట్ ఒకచోట, మాట మరోచోట

ప్రశ్న: మా చర్చి గాయక బృందం కోసం సంగీత స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ 4లో పాటలు టైప్ చేస్తుంటాను. తెలుగు మాటల్ని మౌస్‌తో లాగి నోట్స్ (స్వరాల గుర్తులు) కింద సర్దుతాను. ఒక బార్ (తాళం గడి) చేర్చినా, పేజీ సైజు మార్చినా అన్నీ చెదిరిపోతున్నాయి. ఆదివారం దగ్గరపడితే ఒకటే టెన్షన్!
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

మీరు మాటల్ని కంట్రోల్+టి నొక్కి, స్టాఫ్ టెక్స్ట్‌గా, అంటే మామూలు గమనికలా పెడుతున్నట్టున్నారు. అది ఎంత పొడవున్నా ఒక్క నోట్‌నే పట్టుకుని ఉంటుంది. మిగతా నోట్స్ జరిగితే దానికి తెలియదు. మౌస్‌తో ఎంత ఓపిగ్గా సర్దినా ఆ శ్రమ నిలవదు.

పాట మాటలకు లిరిక్స్ అని వేరే ఏర్పాటుంది. మొదటి నోట్‌ను ఎంచుకుని కంట్రోల్+ఎల్ నొక్కండి. మాట పూర్తయితే స్పేస్, మాట మధ్యలో అయితే హైఫన్, ఒకే అక్షరాన్ని చాలా నోట్స్ మీద సాగదీయాలంటే అండర్‌స్కోర్. ఒకే నోట్ కింద రెండు మాటలు రావాలంటే మధ్యలో కంట్రోల్+స్పేస్. ఇక ఏ అక్షరం ఆ నోట్‌తోనే కదులుతుంది.

విడగొట్టేటప్పుడు ఒత్తును మాత్రం చీల్చకండి. ‘పరిశుద్ధుడు’ను ప-రి-శు-ద్ధు-డు అని రాయాలి. ఇంగ్లిష్ పద్ధతిలో ‘శుద్-ధు’ అని విడగొడితే పొల్లు పైకి తేలుతుంది, పాడేవాళ్లు తడబడతారు.

మన ఒత్తులు కిందికి దిగి తర్వాతి స్టాఫ్‌ను (నోట్స్ రాసే ఐదు గీతల వరసను) తాకుతుంటాయి. అప్పుడూ చేత్తో లాగొద్దు. ఫార్మాట్‌లో స్టైల్ తెరిచి, లిరిక్స్ పేజీలో కింది వైపు కనీస దూరం పెంచండి. పాట మొత్తానికీ ఒకేసారి సరిపోతుంది. ఇప్పటికే లాగి పాడైన లిరిక్స్ ఉంటే వాటిని ఎంచుకుని కంట్రోల్+ఆర్ కొట్టండి, సొంత చోటికి వెళ్లిపోతాయి.

ప్రింట్ షాపుకు మాత్రం పీడీఎఫ్ చేసే ఇవ్వండి. అసలు ఫైలు ఇస్తే, అక్కడి కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోతే అక్షరాల వెడల్పు మారి వరస మళ్లీ తప్పుతుంది.

ప్రశ్న: మొదటి చరణం నోటో సాన్స్ తెలుగులో వస్తోంది, రెండో చరణం వేరే ఫాంట్‌లో వస్తోంది. ఎందుకు?
– ఒక వయొలిన్ విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ

నోట్స్ కింద ఒక్కో చరణం ఒక్కో వరసగా వస్తుంది. మ్యూజ్‌స్కోర్ బేసి వరసలకు, సరి వరసలకు వేర్వేరు స్టైల్స్ వాడుతుంది. మీరు బేసి వరసకే ఫాంట్ మార్చారు. స్టైల్‌లోని టెక్స్ట్ స్టైల్స్‌లో లిరిక్స్ ఈవెన్ లైన్స్‌కు కూడా అదే ఫాంట్, అదే సైజు ఇవ్వండి.