సున్నా ఫీజు వెనక ఖర్చు

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పై చదువుకు ఏ దేశం వెళ్లాలో తేల్చుకోవడానికి ఫీజులతో నువ్వు రాసిన పట్టిక చూశాను. జర్మనీ ఎదురుగా సున్నా, ఇంగ్లండ్ ఎదురుగా లక్షలు. సున్నాకు టిక్కు పెట్టేశావు. కాస్త ఆగు. జర్మనీలోనే బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనలాంటి ఐరోపా బయటివారి దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. ఫీజు లేనిచోట కూడా ఏడాది తిండికీ అద్దెకూ డబ్బుందని వీసాకు ముందే చూపాలి. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని 11,904 యూరోలు చేశారు.

చదువు ఆగిపోయేది ఎక్కువగా ఆ తిండి దగ్గరే. ఫీజు రీయింబర్స్‌మెంటుతో సీటు తెచ్చుకుని, మెస్ బిల్లు కట్టలేక మధ్యలో వెళ్లిపోయిన పిల్లలు నాకు తెలుసు. టీసీ కావాలన్నా మెస్ బాకీ తీరాలి. అందుకని వార్డెన్ గది బయట తండ్రీ కూతుళ్లు నిలబడేవారు.

జర్మనీ తన పిల్లల తిండి ఖర్చు కోసం 1971లోనే ఒక సాయం పెట్టింది: ఇప్పుడైతే సగం గ్రాంటు, సగం వడ్డీ లేని అప్పు. అయినా చదువుకోని ఇళ్ల పిల్లలు అక్కడ యూనివర్సిటీకి తక్కువే వెళతారు. చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి తర్వాతే, యూనివర్సిటీకి దారితీసే బడికి ఎవరు, మిగతా బడులకు ఎవరు అని విడదీస్తారు మరి. స్వీడన్ తన విద్యార్థికి సాయం చేసేటప్పుడు తండ్రి ఆదాయం అడగదు. ఆ ఉదారత జనం కట్టే భారీ పన్నులది. ఐరోపా బయటివారికి మాత్రం 2011 నుంచి ఫీజు తప్పదు.

నాకు ఆసక్తి కలిగించేది ఇంగ్లండే. 2012లో ఫీజు పరిమితి 9,000 పౌండ్లకు ఎగబాకింది. పద్దెనిమిదేళ్ల పిల్లల చేరికలు పడిపోతాయనుకున్నారు. ఒక్క ఏడాది తగ్గి, మళ్లీ పెరిగాయి. ఎందుకంటే అక్కడి పిల్లలకు ఫీజు సర్కారే అప్పుగా ఇస్తుంది: ముందుగా చేతినుంచి పెట్టేది లేదు, జీతం ఒక స్థాయి దాటితేనే అందులోంచి కోత, ఏళ్లు గడిచాక మిగిలింది మాఫీ. ఉద్యోగం రాకపోతే నష్టం సర్కారుది. ఉద్యోగాలు చేస్తూ పార్ట్‌టైం చదివే పెద్దవాళ్లు మాత్రం బాగా తగ్గిపోయారు.

ఆ ఏర్పాటు నీకు దొరకదు. మన బ్యాంకులో అప్పు ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా తాకట్టు అడుగుతారు. చదువు ముగిసిన ఏడాదికి, ఉద్యోగం ఉన్నా లేకున్నా, కిస్తీ మొదలు. మీ నాన్న తాకట్టు పెడతానంటున్నది తోతాపురి మామిడి తోట. గుజ్జు ఫ్యాక్టరీలు ధర తగ్గించిన ఏడాది కాయల కోత కూలి కూడా గిట్టదు. దాని రాబడి మీద కిస్తీ లెక్క వేయకు.

పట్టికలో ఇంకొన్ని గళ్లు గీయి: తిండి, అద్దె, అప్పు ఎవరి పేర, ఉద్యోగం రాకపోతే కట్టేదెవరు. 1954 నుంచి ఊళ్లోనే ఉన్న ఎస్వీ యూనివర్సిటీని అసలు రాయనే లేదేం? అదీ చేర్చు. ఆదివారం వచ్చేటప్పుడు మీ నాన్ననూ వెంటబెట్టుకురా, సంతకం పెట్టాల్సింది ఆయనే కదా.

మామయ్య