ఫైలు ఎన్‌క్రిప్ట్ అయిందా (పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రహస్యరూపంలోకి మారిందా), పాడైందా అని తెలుసుకోవడం ఎలా?
విశాఖపట్నం ద్వారకానగర్‌లోని మా కార్యాలయంలో పాత పెన్‌డ్రైవ్‌లోని ఒక ఫైలు తెరుచుకోనప్పుడు ఈ ప్రశ్న నాకూ ఎదురైంది. ముందు, ఫైలులోని ప్రతి బైటునూ రెండు గుర్తుల సంకేతంగా చూపే హెక్స్ ఎడిటర్‌లో తొలి బైట్లను చూడండి: జిప్ ఫైలు సాధారణంగా 50 4బీ అనీ, జేపెగ్ ఎఫ్ఎఫ్ డీ8 అనీ మొదలవుతుంది. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టినా ఆ గుర్తు మారదు. 7వ బైటులోని చివరి బిట్ 1గా ఉంటే లోపలి ఫైలు ఎన్‌క్రిప్ట్ అయినట్లే.

ఏ గుర్తూ లేకపోతే ఎంట్రొపీని, అంటే బైట్లు ఎంత క్రమం లేకుండా పరుచుకున్నాయో తెలిపే కొలతను లెక్కించాలి. మామూలు పాఠంలో కొన్ని అక్షరాలే పదేపదే వస్తాయి కనుక అది తక్కువగా ఉంటుంది. ఎన్‌క్రిప్ట్ అయిన పెద్ద ఫైలులోనైతే 256 రకాల బైట్లూ దాదాపు సమానంగా పరుచుకోవడం వల్ల బైటుకు 8 బిట్లకు చేరువవుతుంది. అయితే కుదించిన ఫైళ్లలోనూ ఈ అంకె ఎక్కువే కాబట్టి, ఎంట్రొపీ ఒక్కదాన్నే నమ్మి నిర్ధారించడం తొందరపాటని నా అభిప్రాయం.