రూజ్వెల్ట్ చేసింది ప్రమాణమా, శపథమా?

సందేహం: 1933లో ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ అమెరికా అధ్యక్షుడైన రోజు గురించి వ్యాసం రాస్తూ ‘ప్రమాణ స్వీకారం’ అన్నాను. సంస్కృతం చదువుకున్న మిత్రుడొకరు అది తప్పన్నారు. ప్రమాణమంటే కొలత, రుజువు అని, ఒట్టుకు అసలు మాట శపథమేనని, హిందీవారు ‘శపథ్ గ్రహణ్’ అంటారని ఆయన వాదన. మార్చమంటారా?

సమాధానం: మార్చకండి. సంస్కృతం వరకు మీ మిత్రుడి మాట నిజమే. మీరు రాస్తున్నది తెలుగు. తెలుగులో శపథం అనగానే నిండు సభలో దుర్యోధనుడి తొడ విరగ్గొడతానన్న భీముడు గుర్తుకొస్తాడు. పగో పంతమో లేనిచోట ఆ మాట అతకదు. ప్రమాణం సాక్షిని ఎదుట పెట్టుకొని చేసేది. కాణిపాకం వినాయకుడి ముందు చేసేదీ ప్రమాణమే. వేరే రుజువు దొరకనప్పుడు దేవుడినే రుజువుగా నిలబెడతారు. సంస్కృతార్థం ఎక్కడికీ పోలేదన్నమాట! మన మంత్రులు ‘దైవసాక్షిగా’ అనేదీ అందుకే.

విచిత్రమేమిటంటే, ఆ 1933 మార్చి 4న రెండూ జరిగాయి. పనివాళ్లలో నలుగురికి ఒకరు చొప్పున ఉపాధి లేదు. చాలా రాష్ట్రాల్లో బ్యాంకులు మూతపడ్డాయి, మిగిలినచోట్ల డబ్బు తీసుకోవడానికి ఆంక్షలు. రూజ్వెల్ట్ తమ ఇంటి పాత డచ్చి బైబిలుపై చెయ్యి ఉంచి, రాజ్యాంగంలో ఉన్న 35 మాటల పాఠం పలికారు. అది ప్రమాణం. ఆ తరువాత ప్రసంగంలో, పరాయి శత్రువు దండెత్తి వస్తే ఎంత అధికారం ఇస్తారో ఈ సంక్షోభంతో పోరాడటానికీ అంత అధికారం అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌ను అడుగుతానన్నారు. దానికి ‘రూజ్వెల్ట్ శపథం’ అని శీర్షిక పెడితే నేను కాదనను.

‘స్వీకారం’ మాత్రం నాకూ కొంచెం ఎబ్బెట్టే. స్వీకరించేది పదవిని; ప్రమాణం చేస్తారు. అయినా వేడుక పేరుగా అది పాతుకుపోయింది, ఉండనివ్వండి. క్రియగా రాసేటప్పుడు ‘ప్రమాణం చేశారు’ చాలు.

మీ వ్యాసంలో నిజంగా దిద్దవలసింది ‘ప్రధాన న్యాయమూర్తి హ్యూస్ ప్రమాణ స్వీకారం చేశారు’ అన్న వాక్యం. హ్యూస్ చేయించారు, చేసింది రూజ్వెల్ట్. 1929లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి టాఫ్ట్ పాఠమంతా చదివితే, రూజ్వెల్ట్‌కు ముందు అధ్యక్షుడైన హూవర్ ఒప్పుకోలుగా ఒక్క మాట అని ఊరుకున్నారు. రూజ్వెల్ట్ అలా కాకుండా హ్యూస్ వెంట ఆ పాఠాన్ని పూర్తిగా తానే పలికారు. కాబట్టి ఇక్కడ ‘చేయించారు’ అన్నది అక్షరాలా సరిపోతుంది.