పాప నీట్ వద్దంటోంది, కంటి జీన్స్ మీద చదువుతానంటోంది

పర్లాకిమిడి నుంచి ఒక నాన్న అడిగారు: పాప ప్లస్‌టూ సైన్స్, ఎడమ కన్ను లేజీ ఐ (కన్ను బాగానే ఉన్నా మెదడు దాని చూపుని సరిగ్గా తీసుకోదు) అని తొమ్మిదేళ్లు దాటాకే తెలిసింది, మంచి కంటికి పట్టీ కట్టినా చూపు పూర్తిగా రాలేదు, ఎందుకు రాలేదో చెప్పే జీన్స్ మీద చదువుతానంటోంది, ఇది కూడు పెడుతుందా అని.

అన్నగారూ, మీ గుంట గాల్లో మాట అనట్లేదు. హ్యూబెల్, వీసెల్ అని ఇద్దరు సైంటిస్టులు 1960ల్లో పిల్లికూనలకి ఒక కంటి రెప్పలు కుట్టేసి కొన్నాళ్లయ్యాక విప్పితే కన్ను బాగానే ఉంది గానీ మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసింది, పెద్ద పిల్లికి చేస్తే ఏం కాలేదు. 1981లో వాళ్లకి నోబెల్ కూడా వచ్చింది. అంటే మెదడు ఇలా మారేది చిన్న వయసులోనే, మరి ఆ వయసు తలుపు తీసేదెవరు, వేసేదెవరు? 1998లో గాడ్65 (మెదడుని శాంతపరిచే రసాయనాన్ని తయారుచేసే జీన్) లేని ఎలకల్లో ఆ తలుపు అసలు తెరుచుకోలేదు, డయజెపామ్ ఇస్తే తెరుచుకుంది (అవును, మన డాక్టర్లు ఆందోళనకి రాసే ఆ బిళ్లే, ఇంట్లో ప్రయోగాలు మాత్రం వద్దు!). 2010లో లింక్స్1 అనే ఇంకో జీన్ సంగతి తేలింది, అది బ్రేకు లాంటిది, అది లేని ఎలకలకి పెద్దయ్యాక కూడా మెదడు మారుతూనే ఉంది. ఇదంతా ఎలకల్లో అండి, దీన్ని నమ్ముకుని తన కన్ను బాగవుతుందనుకుంటే మాత్రం ముందే కూర్చోబెట్టి చెప్పండి.

ఇక కూడు సంగతి. మీకు దగ్గర్లోనే బరంపురంలో ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ కాలేజీ) ఉంది, బీఎస్-ఎంఎస్ 5 ఏళ్లు, దానికి ఐఏటీ అనే ఎంట్రన్స్ రాయాలి, అలాంటిదే భువనేశ్వర్ నైసర్‌కి నెస్ట్ అనే ఎంట్రన్స్. తర్వాత పీహెచ్‌డీ ఇంకో 5, 6 ఏళ్లు, జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) కొడితే నెలకి 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరే. అంటే చేతికి అసలు ఉద్యోగం వచ్చేసరికి 28 దాటుతుంది, ఈలోపు పెళ్లెప్పుడని చుట్టాలు మీ ప్రాణం తీస్తారు, దానికి మీరు తట్టుకోగలరా అన్నది నాకు జీతం కన్నా పెద్ద ప్రశ్న. ల్యాబ్‌లో నెలల తరబడి చీకటి గదిలో ఎలకల్ని పెంచి చివరికి ఏమీ తేలకపోవచ్చు కూడా, అదీ తనకి తెలియాలి.

నీట్ మానిపించొద్దు, రెండూ రాయించండి, ఎంబీబీఎస్ చేసి కూడా ఇదే రీసెర్చ్‌కి రావొచ్చు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఎలాగూ కామనే, కానీ ఐఏటీలో మ్యాథ్స్ కూడా 15 ప్రశ్నలుంటాయి. పాప ప్లస్‌టూలో మ్యాథ్స్ తీసుకుందా లేదా, మీరు అదొక్కటే రాయలేదు.